కడుపులోని పొరుగువాడు

మా మేనకోడలు బెంగుళూరులో నర్సింగు చదువుతున్నది. సంక్రాంతి సెలవులకు చెన్నపట్నం వచ్చినప్పుడు పిల్ల ముఖంలో కళ లేదు. మా చెల్లెలు ఎంత అడిగినా చెప్పలేదు. భోజనాలైన తరువాత వసారాలో నా పక్కన కూర్చుని, "మామయ్యా, మీరు నాలుగు పుస్తకాలు చదివినవారు. ఒక మాట అడుగుతాను, నవ్వకూడదు" అన్నది.

విషయం ఇది. దాని హాస్టలు గదిలో గుంటూరు వైపు నుండి వచ్చిన ఒక కతోలిక పిల్ల ఉన్నది. ఇద్దరికీ ప్రాణస్నేహం. ఒకనాడు ఆపరేషను థియేటరులో డ్యూటీ పడినది. వచ్చిన రోగి ఇద్దరు పిల్లల తల్లి. భర్త వదిలి వెళ్లిపోయినాడు. మూడోసారి కడుపుతో ఉండి, తీయించుకోవడానికి వచ్చినది. ఆ స్నేహితురాలు, "ఈ కేసులో నేను నిలబడను" అన్నది. పై సిస్టరు మందలించి వేరే వార్డుకు పంపినది. ఆ రాత్రి గదిలో ఇద్దరికీ వాదన వచ్చినది. "మూడో బిడ్డ వస్తే పెంచేదెవరు?" అని మా పిల్ల. "ఆ బిడ్డ చేసిన తప్పేమిటి?" అని ఆ పిల్ల. అంతే, వారం రోజులు మాటలు లేవు.

"మామయ్యా, ఇంత మంచి పిల్ల అంత మొండిగా ఎందుకు ఉన్నది? వాళ్ల మతంలో ఏముంది?" అని మా మేనకోడలు అడిగినది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత కొన్నాళ్లపాటు చదివి, ఆలోచించి తెలుసుకొన్నది మన పత్రిక చదువరుల ముందు పెడుతున్నాను. ఇది ఒక మతాన్ని మెచ్చుకోవడానికీ కాదు, ఇంకొకరిని తప్పుపట్టడానికీ కాదు. మన ఇండ్లలో గట్టిగా మాట్లాడుకోని విషయమిది. కాని మన ఇండ్లలో జరగని విషయం మాత్రం కాదు.

భ్రూణహత్య మహాపాపమనే మాట మనకు కొత్త కాదు. మన ధర్మశాస్త్రాలలో ఆ మాట పదే పదే వస్తుంది. అయితే క్రైస్తవులు ఆ తీర్మానానికి వచ్చిన దారి వేరు. ఆ దారి తెలియాలంటే రెండువేల ఏండ్ల వెనుకటి రోము సామ్రాజ్యానికి పోవాలి.

ఆ రోజులలో ఇంటి యజమానిదే సర్వాధికారం. పుట్టిన బిడ్డను ఉంచుకోవాలో, వీధిలో పారవేయాలో ఆయన ఇష్టం. ఈజిప్టులో ఇసుక కింద దొరికిన ఒక ఉత్తరం ఉన్నది. క్రీస్తు పూర్వం 1వ సంవత్సరంలో హిలారియను అనే కూలి మనిషి అలెగ్జాండ్రియా నుండి ఇంటి దగ్గర ఉన్న గర్భవతి అయిన భార్యకు వ్రాసినది. చంటివాణ్ణి జాగ్రత్తగా చూసుకోమంటాడు, జీతం రాగానే పంపుతానంటాడు, నిన్ను మరిచిపోతానా అంటాడు. ఆ మాటల మధ్యనే, పుట్టేది మగపిల్లవాడైతే ఉంచు, ఆడపిల్లయితే పారవేయి అంటాడు. అతడు క్రూరుడు కాడు. భార్యాబిడ్డల మీద ప్రేమ ఉన్నవాడే. లోకమంతా చేసే పనే తానూ చేయమన్నాడు. ఆడపిల్ల అని తెలిసి కడుపులోనే తీసివేయకుండా మన దేశంలో 1994లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చినదంటే, ఆ ఉత్తరం మనకు అంత దూరమైనది కాదు.

ఆ లోకంలో తొలినాటి క్రైస్తవులు రెంటినీ కాదన్నారు. కడుపులో బిడ్డను చంపడం, పుట్టిన బిడ్డను చంపడం ఒకే తప్పు అన్నారు. మొదటి శతాబ్దం చివరనో రెండవ శతాబ్దం ఆరంభంలోనో వెలువడిన 'డిడాకే' అనే చిన్న ఉపదేశ గ్రంథంలోనే ఈ నిషేధం స్పష్టంగా ఉన్నది. క్రీ.శ. 197 ప్రాంతంలో కార్తేజి పట్టణానికి చెందిన టెర్టూలియను, పుట్టుక కాకుండా ఆపడం కూడ చంపడమేననీ, కాకపోతే ముందుగా చంపడమనీ వాదించినాడు.

ఈ నిషేధానికి మూలమేమిటని చూస్తే మూడు మాటలు కనబడతాయి.

మొదటిది, మనిషి దేవుని పోలికగా సృష్టించబడినవాడని ఆదికాండము చెప్పిన మాట. మనిషి విలువ అతని బలం వల్ల వచ్చినది కాదు, తెలివి వల్ల వచ్చినది కాదు. ఇచ్చినవాడు దేవుడు గనుక తీసివేసే హక్కు మనకు లేదంటారు.

రెండవది, గర్భంలో ఉన్నప్పుడే దేవుడు మనిషిని ఎరుగునన్న భావం. కీర్తనలలోనూ, యిర్మీయా గ్రంథంలోనూ ఇది వస్తుంది. లూకా సువార్తలో గర్భవతి అయిన మరియమ్మ తన బంధువు ఎలీసబెతు ఇంటికి పోగానే, ఎలీసబెతు కడుపులోని శిశువు గంతులు వేసినట్లు ఉన్నది. ఆ శిశువును చెప్పడానికి లూకా వాడిన గ్రీకు మాట 'బ్రెఫోస్'. తరువాతి అధ్యాయంలో పశువుల తొట్టిలో పడుకొన్న పసికందు యేసును గురించి కూడ అదే మాట వాడినాడు. కడుపులో ఉన్నా, తొట్టిలో ఉన్నా ఒకే పేరు.

మూడవది వారి మతానికి ప్రాణం వంటిది. దేవుడే మనిషిగా వచ్చినాడని వారి విశ్వాసం. వచ్చినది తొట్టిలోనికి కాదు, గర్భంలోనికి. అందుకే డిసెంబరు 25కు సరిగా తొమ్మిది నెలల ముందు, మార్చి 25న, దేవదూత మరియమ్మకు వార్త చెప్పిన పండుగ చేసుకొంటారు. ప్రభువు తానే ఒకప్పుడు కంటికి కనబడనంత పిండంగా ఉన్నాడని నమ్మేవారు, ఏ పిండాన్నీ తేలికగా చూడలేరు గదా.

దేవుణ్ణి పక్కన పెట్టి కూడ వారు వాదిస్తారు. ఆడ మగ బీజాలు కలిసినప్పుడు తల్లిదీ కాని, తండ్రిదీ కాని ఒక కొత్త కూర్పు ఏర్పడుతుంది. అక్కడి నుండి నడక ఆగదు. నిన్న మనిషి కాదు, ఈ రోజు మనిషి అని గీత గీయగల చోటు ఏది? పరిమాణం చిన్నదంటే, పసిబిడ్డ పెద్దవానికంటె చిన్నదే. ఒకరి మీద ఆధారపడి ఉన్నదంటే, మంచాన పడిన తాతగారూ ఆధారపడినవారే. నోరు లేదంటే, నోరు లేనివారి పక్షాన నిలవడమే ధర్మం గదా అంటారు.

ఎదుటివారికీ బలమైన మాటలున్నాయి. విత్తు చెట్టు అవుతుంది గాని విత్తే చెట్టు కాదంటారు. అంతకంటె ముఖ్యంగా, ఆ నడక సాగేది ఒక స్త్రీ శరీరంలో. ఆమె రక్తం, ఆమె ఎముకలు, ఆమె ప్రాణం పణంగా పెట్టి సాగేది. ఆమె ఒప్పుకోనిదే ఆ భారం మోయమనే హక్కు ఎవరికున్నదని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా తోసివేసేవాడు ప్రసవం ఎరుగనివాడే అయి ఉండాలి.

క్రైస్తవులందరూ అన్ని కాలాలలో ఒకే మాట మీద ఉన్నారా అంటే, తప్పు అనడంలో దాదాపు ఒకే మాట; ఎంత తప్పు అనడంలో భేదాలు. మగపిండానికి 40 రోజులకు, ఆడపిండానికి 90 రోజులకు రూపం ఏర్పడుతుందని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు చెప్పినాడు. ఆ ప్రభావం వల్ల అగస్టీను, తరువాత 13వ శతాబ్దంలో థామస్ అక్వినాసు, రూపం ఏర్పడిన పిండానికీ ఏర్పడని పిండానికీ తేడా చూసినారు. మొదటి దశలో తీసివేయడం కూడ పాపమే గాని నరహత్య కాదన్నారు. 4వ శతాబ్దంలోనే కైసరియ బిషప్పు బాసిలు ఇటువంటి సూక్ష్మభేదాలు తమకు అక్కరలేదని వ్రాసినాడు. 1827లో ఫాన్ బేయరు అనే శాస్త్రజ్ఞుడు క్షీరద జంతువుల అండాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన తరువాత గర్భధారణను గురించిన తెలివిడి మారినది. 1869లో పోపు తొమ్మిదవ పయస్ శిక్షల విషయంలో ఆ పాత తేడాను తీసివేసినాడు. ప్రొటెస్టెంటులలో ఇప్పటికీ భేదాలున్నాయి. అమెరికాలోని దక్షిణ బాప్టిస్టుల మహాసభ 1971లో బలాత్కారం, తల్లి ఆరోగ్యం వంటి కారణాలకు చట్టం అనుమతించవచ్చునని తీర్మానించినది. తరువాతి తీర్మానాలలో ఆ సభే చాలా కఠినమైన వైఖరికి మారినది.

ఇక తల్లి ప్రాణానికే ముప్పు వచ్చినప్పుడు? ఈ వాదం బలమూ, బలహీనతా రెండూ బయటపడేది అక్కడే. రెండు జీవితాలు చెప్పక తప్పదు.

ఇటలీలో జియాన్నా బెరెత్తా మొల్లా అనే పిల్లల డాక్టరు ఉండేది. 1961లో నాలుగో కాన్పుకు రెండో నెలలో ఉండగా గర్భాశయంలో గడ్డ కనబడినది. గర్భాశయం మొత్తం తీసివేయడానికి కతోలిక నీతి కూడ ఒప్పుకొనేదే. ఎందుకంటే అక్కడ ఉద్దేశం రోగం తీసివేయడం, బిడ్డను చంపడం కాదు. ఆమె మాత్రం గడ్డ ఒక్కటే తీయించుకొన్నది. 1962 ఏప్రిల్ 21న ఆడపిల్ల పుట్టినది. ఏప్రిల్ 28న తల్లి కన్నుమూసినది. అప్పటికి ఆమెకు 39 ఏండ్లు. 2004లో రోములో ఆమెను పునీతురాలిగా ప్రకటించినప్పుడు భర్తా, బిడ్డలూ ఆ సభలో ఉన్నారు.

రెండవ జీవితం మన పక్కనున్న బెళగావి ఆడపడుచుది. సవితా హలప్పనవర్ దంతవైద్యురాలు, 31 ఏండ్ల వయసు, భర్తతో ఐర్లండులో ఉండేది. 2012 అక్టోబరు 21న 17 వారాల గర్భంతో గాల్వేలోని ఆస్పత్రిలో చేరినది. గర్భం నిలవదని తేలిపోయినది. తీసివేయమని ఆమె అడిగినది. పిండం గుండె ఇంకా కొట్టుకొంటున్నది గనుక చట్టం ఒప్పుకోదన్నారు. ఒంట్లో విషం ఎక్కి అక్టోబరు 28న చనిపోయినది. రక్తంలో చేరుతున్న విషాన్ని సమయానికి కనిపెట్టలేదనీ, చట్టంలోని అస్పష్టత డాక్టర్ల చేతులు కట్టివేసినదనీ తరువాతి విచారణలో తేలినది. తల్లి ప్రాణం కంటె బిడ్డ ప్రాణమే ఎక్కువని సంఘం ఎన్నడూ బోధించలేదని ఆ నవంబరులోనే ఐర్లండు బిషప్పులు ప్రకటించినారు. కాని ప్రకటన వచ్చేసరికి ఆమె లేదు. 2018 మే 25న ఆ దేశ ప్రజలు, నూటికి 66 మందికి పైగా, గర్భస్రావాన్ని నిషేధించిన 1983 నాటి రాజ్యాంగ సవరణను ఓటు వేసి తీసివేసినారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. జియాన్నా తన ప్రాణాన్ని తానే ఇచ్చినది. సవితను అడిగినవారు లేరు. ఆమె అడిగినా విన్నవారు లేరు. త్యాగం ఒకరు తనంతట చేస్తే పుణ్యం. ఇంకొకరి చేత బలవంతాన చేయిస్తే దానికి ఆ పేరు చెల్లదు. క్రైస్తవ వాదాన్ని మనసారా నమ్మేవారు కూడ ఈ తేడాను మరువకూడదని నాకు తోచినది.

మన దేశం సంగతి. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భస్రావం నేరం. చాటుమాటున నాటు చేతులలో పడి స్త్రీలు చచ్చిపోతుంటే, 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసినారు. దాని ఫలితంగా 1971 ఆగస్టు 10న చట్టం వచ్చినది. 2021 సవరణ తరువాత 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలును. బలాత్కారానికి గురైనవారు, మైనరు బాలికలు, గర్భంతో ఉండగా భర్త పోయినవారు లేక విడాకులు పొందినవారు మొదలైనవారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం మీద 24 వారాల వరకు అవకాశం ఉన్నది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ అవకాశం అవివాహితలకూ వర్తిస్తుందని చెప్పినది. మా మేనకోడలి స్నేహితురాలు తెలుసుకోదగిన సంగతి మరొకటి ఉన్నది. డాక్టర్ల కోసం 2002లో వచ్చిన వృత్తి నియమావళి, వైద్యపరంగా అవసరమైన గర్భస్రావాన్ని కేవలం మత కారణం మీద నిరాకరించరాదని చెప్పినది. మనస్సాక్షి ఒకవైపు, నియమం ఒకవైపు. ఆ పిల్ల నడవవలసిన దారి మెత్తనిది కాదు.

2023 అక్టోబరు 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన వ్యాజ్యంలోనూ ఇద్దరు పిల్లల తల్లే. ప్రసవానంతరం మనోవ్యాధికి మందులు వాడుతూ, మూడో గర్భం వచ్చిన సంగతి ఆలస్యంగా తెలిసి అనుమతి కోరినది. తీర్పు నాటికి గర్భం 26 వారాలు దాటినది. పిండానికి లోపం లేదు, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు లేదు అని కోర్టు నిరాకరించినది. అయితే అంతటితో ఊరుకోలేదు. కాన్పు ఖర్చంతా ప్రభుత్వమే భరించాలనీ, బిడ్డను దత్తతకు ఇవ్వదలచుకొంటే ఆ నిర్ణయం తల్లిదండ్రులదేననీ చెప్పినది. వద్దు అన్నవారు ఆ తరువాత ఏం చేస్తారు అన్న ప్రశ్న ఆ తీర్పులో ఉన్నది.

క్రైస్తవుల చరిత్రలో కూడ నాకు అన్నిటికంటె గొప్పగా తోచినది ఈ 'తరువాతి పని'యే. వద్దని గ్రంథాలలో వ్రాసినవారే, రోము వీధులలో పారవేసిన పిల్లలను ఎత్తుకొని పెంచినారు. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో బ్రూనెలెస్కి కట్టిన అనాథశిశు గృహం 1445లో తెరిచినారు. ఆ ఫిబ్రవరి 5న చేరిన మొదటి బిడ్డ ఆడపిల్ల. అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టినారు. అటువంటి గృహాలలో చేరిన బిడ్డలలో చాలామంది బతకలేదన్నది కూడ చరిత్రే. చేర్చుకోవడం ఒక ఎత్తు, పెంచడం ఒక ఎత్తు.

ఈ పని ఒక్క క్రైస్తవుల సొత్తు కాదు. జ్యోతిబా ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1863లో పూనాలో గర్భవతులైన వితంతువుల కోసం ఆశ్రయం తెరిచినారు. అక్కడ ఒక బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన బిడ్డను తామే దత్తత తీసుకొన్నారు. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన కాలంలో, గర్భం దాల్చిన వితంతువుకు సంఘం చూపిన దారులు నుయ్యో గొయ్యో. ఆ స్త్రీలకు కావలసినది నీతిబోధ కాదు, నిలువ నీడ. 1992లో తమిళనాడు ప్రభుత్వం సేలంలో ఉయ్యాల పథకం పెట్టి, వద్దనుకొన్న ఆడపిల్లను చంపవద్దు, ఈ ఉయ్యాలలో వేసిపొండి అన్నది. ఫ్లోరెన్సు గృహానికి అది దూరపు చుట్టమే.

మదర్ థెరిసా 1955లో కలకత్తాలో శిశుభవన్ తెరిచినది. 1979 డిసెంబరులో ఓస్లోలో నోబెలు బహుమతి అందుకొన్న సందర్భంలో, గర్భస్రావమే లోకశాంతికి పెద్ద శత్రువని చెప్పి చాలామందికి కష్టం కలిగించినది. కాని ఆమెకు ఆ మాట అనే అర్హత లేదని అనడం కష్టం. గర్భస్రావాన్ని తాము దత్తతతో ఎదుర్కొంటున్నామని చెప్పినది, చేసి చూపినది. 2015లో దత్తత నియమాలు మారి, పెండ్లికాని ఒంటరివారికి కూడ పిల్లలను ఇవ్వవలసి రాగా, ఆమె స్థాపించిన సంస్థ మన దేశంలో దత్తత పని మానుకొన్నది. ఆ నిర్ణయం ఆమె మాటకు బలం ఇచ్చినదా, తగ్గించినదా అన్నది చదువరులే ఆలోచించవచ్చును.

ఇంటి పెద్దలు తెలుసుకొని ఉండవలసిన సంగతి ఒకటి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను పెంచలేని తల్లి, జిల్లా శిశు సంక్షేమ కమిటీ ఎదుట బిడ్డను అప్పగించవచ్చును. మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. ఇది తెలియకనే ఎందరో దొడ్డిదారులు వెతుకుతారు.

లూకా సువార్తలో ఒక కథ ఉన్నది. నా పొరుగువాడెవడు అని ఒక పండితుడు యేసును అడుగుతాడు. జవాబుగా ఆయన, దొంగలు కొట్టి పడవేసిన బాటసారిని ఇద్దరు పెద్దలు చూసి పక్కగా పోగా, కులం తక్కువగా చూడబడే సమరయుడొకడు ఎత్తుకొని సత్రానికి చేర్చి, ఖర్చు కూడ తానే పెట్టుకొన్నాడని చెప్పి, ఇప్పుడు చెప్పు, వీరిలో పొరుగువాడైనదెవడు అని ఎదురు అడుగుతాడు. కడుపులోని బిడ్డ మన పొరుగువాడు అన్నది క్రైస్తవ వాదంలో సగం. ఆ తల్లికి పొరుగువాడైనదెవడు అన్నది మిగిలిన సగం. మొదటి సగం నోటితో చెప్పవచ్చును. రెండవది చేతులతో, చేతిలోని డబ్బుతో, ఇంట్లోని చోటుతో చెప్పవలసినది. రెండవ సగం లేని మొదటి సగం, దెబ్బలు తిన్న బాటసారి పక్కన నిలబడి నీతి చెప్పడమే అవుతుంది.

ఇదంతా నేను మా మేనకోడలికి ఉత్తరంగా వ్రాసినాను. పదిరోజులకు ఫోను చేసినది. ఆ ఉత్తరం స్నేహితురాలికి చదివి వినిపించిందట. ఇద్దరూ మళ్లీ కలిసే భోజనం చేస్తున్నారట.

"నీ మాట ఒప్పుకొన్నదా?" అని అడిగినాను.

"లేదు మామయ్యా. నేనూ దాని మాట ఒప్పుకోలేదు. అది ఇప్పుడు కూడ ఆ కేసులో నిలబడనంటున్నది. కాని అంతా విన్న తరువాత చాలాసేపు ఊరుకొని, 'ఆ రోజు ఆ బిడ్డ కోసం అంత వాదించినాను, ఆ తల్లి పేరైనా అడగలేదే' అన్నది."

"నువ్వు అడిగినావా తల్లీ?" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. "లేదు మామయ్యా, నేనూ అడగలేదు" అన్నది.